కప్పు చప్పుడు

“నీట్ బ్యాచ్ ఇడిశిపెడ్తనని ఫోన్ల ఏడ్శినవు. ఇప్పుడు నా ముంగట చెప్పు,” అన్నాడు యెషయా.

కరీంనగర్‌లో కాలేజీ హాస్టల్ గేటు పక్క బెంచీ మీద బ్లెస్సీ తలొంచుకుని కూర్చుంది. మందమర్రి నుంచి తండ్రి తెచ్చిన సర్వపిండి డబ్బా ఒళ్ళో ఉంది. మూత తీయలేదు.

“పొద్దంత ఫ్యాన్ కింద కూసునుడు గూడ కష్టమేనా నీకు? మీ అమ్మను బొందవెట్టిన తెల్లారే నేను బొగ్గుబాయిల దిగిన.”

“సరే బాపూ. ఉంట.”

“ఇంకేమన్న ఉన్నదా మనసుల?”

“ఏం లేదు. మంచిగనే ఉన్న.”

యెషయాకు కావలసిన మాట దొరికింది. సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. గేటు దాటబోయి ఆగిపోయాడు.

బాయిలో పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది కప్పును కడ్డీతో తట్టి చూడడం అతని పని. గట్టిగా మోగితే లోపలికి పోవచ్చు. డొల్లగా పలికితే, కంటికి ఎంత బాగా కనిపించినా, అందరినీ బయటికి పంపెయ్యాలి.

వెనక్కి వచ్చాడు. “మంచిగున్నవా బిడ్డా?”

“మంచిగున్న బాపూ.”

మళ్ళీ అదే డొల్ల చప్పుడు.

“బయటికి రా,” అన్నాడు. బాయిలో అరిచే మాటే. ఇక్కడ మెల్లగా అన్నాడు.

బ్లెస్సీ తలెత్తింది. “వచ్చి ఏం జెయ్యాలె బాపూ?”

బాయిలో ఆ మాట విన్నవాళ్ళెవరూ అతన్ని అట్లా అడగలేదు. యెషయా ఆమె పక్కన కూర్చుని, చేతకాని వేళ్ళతో డబ్బా మూత తీయబోయాడు. అది రాలేదు.