బస్సెక్కినోళ్ల చెరుకు

"రేపు బస్సెక్కినోని చెరుకు నా బండెక్కది. చేన్లనే ఎండుతది. ఇంటింటికి పోయి చెప్పు."

జీతగాడు లింబయ్య తలూపి వెళ్లాడు. బాపురావు పటేలు అరుగు మీద కాళ్లు చాపుకుని మీసం దువ్వుకున్నాడు. ఆ ఒక్క మాట చాలు. ఊటకుంటలో బండ్లన్నీ ఆయనవే. కొట్టిన చెరుకు వెంటనే బోధన్ ఫ్యాక్టరీకి చేరకపోతే ఎండి బరువు పోతుంది, కాటా దగ్గర రైతు నెత్తి కొట్టుకోవాలి. అందుకే ఊళ్లో ఆయనకు ఎదురు మాట్లాడేవాళ్లు లేరు, కూలి చేసుకుని బతికే దేవవ్వ తప్ప.

దేవవ్వ కూతురికి కాన్పు కష్టమైన రోజున బండి అడిగితే, "బండ్లు చెరుకు మీదున్నయి" అన్నాడు పటేలు. మంచం మీద మోసుకుపోతుంటే ఆ పిల్ల దారిలోనే పోయింది. అప్పటి నుంచి దేవవ్వకు ఒకటే పట్టు, ఊరికి బస్సు తేవాలి. నిజామాబాద్ ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. ఇంత తక్కువ జనానికి బస్సు గిట్టదని వాళ్లు తిప్పి పంపేవారు. చివరికి ఒక ఆఫీసరు ఊరు చూసిపోదామని వచ్చాడు.

ఊరు ఖాళీగా కనబడాలని పటేలు ఆ రోజు ఆడామగా అందరినీ తన చెరుకు కోతకు తోలాడు. ముందురోజు ఇంట్లో అన్నం తింటూ వేసిన ఎత్తు అది. ఎలా తెలిసిందో ఏమో, దేవవ్వ ఆఫీసరును నేరుగా ఆ చేనుకే తీసుకుపోయింది. ఊరంతా ఒక్కచోట కళ్లపడేసరికి ఆయన సరేనన్నాడు. నెల రోజులు నడిపి చూస్తారు, ఎక్కేవాళ్లు లేకపోతే మానేస్తారు.

ఇంటి మాట బయటపెట్టాడని పటేలు పాత జీతగాడు భోజన్నను కొట్టి తరిమేశాడు. అయినా కడుపుమంట చల్లారలేదు. ఆ ముసలిదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తే తప్ప చల్లారదు.

భార్య వసంతమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"ఎవ్వలు ఎక్కకుంటె బస్సు మల్ల రాదా?"

"నెల దాంక వస్తది. ఖాళీగ వచ్చి ఖాళీగ పోతది. దేవవ్వ ముఖం సూడాలె అప్పుడు!"

"రేపైతె వస్తది గద."

"వస్తది, వస్తది. రేపు తమాషా ఉంటది."

ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నోట్లో నాలుక లేని మనిషి. బోధన్‌లోని పుట్టింటి నుంచి తండ్రి పోయిన కబురు వచ్చినప్పుడు కూడా బండ్లు చెరుకు మీదున్నాయంటే కాసేపు ఏడ్చి ఊరుకుంది. ఇలాంటి ఇల్లాలు దొరకడం తన అదృష్టమని పటేలు ఊరంతా చెప్పుకునేవాడు.

తెల్లవారి దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చింది. ఊరంతా చుట్టూ మూగింది. పిల్లలు చేత్తో తడిమి చూశారు, ముసలివాళ్లు దండం పెట్టారు. ఎక్కడానికి మాత్రం ఒక్కరూ కదల్లేదు.

"బోధన్! బోధన్! ఎవలన్న ఉన్నరా?" కండక్టరు గొంతు చించుకున్నాడు.

కర్ర పట్టుకుని నిలబడ్డ పటేలుకు ప్రాణం లేచివచ్చింది.

"ఏం దేవవ్వా, అంత తిరిగి తెచ్చినవ్. నువ్వన్న ఎక్కు. నీకు చెరుకు గూడ లేకపాయె!"

"నాకు బోధన్‌ల ఏం పని పటేలా? పనున్న నాడు బండి ఇయ్యకపోతివి."

"మరి ఎవ్వలకోసం తెచ్చినవే?"

దేవవ్వ పటేలును ఎగాదిగా చూసింది. కళ్లలోంచి నిప్పులు రాలుతున్నాయి. కండక్టరు విసుగ్గా తలుపు మూయబోయాడు. అంతలో వెనక జనం గుసగుసలాడుతూ పక్కకు జరిగి ఎవరికో దారి ఇచ్చారు.

పటేలు కర్ర ఎత్తి అరిచాడు. "ఎవలది గంత ధైర్యం? ఎవని చెరుకు ఎండబెట్టాల్నో సూస్త!"

పెట్టె చంకన పెట్టుకుని వసంతమ్మ బస్సెక్కింది.