అంబదాస్ వేసిన వేషాలు

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. రెండోది నోటి మీద. అంబదాస్ జీపు టైరు పక్కన కూలబడి రెండు పళ్లు ఉమ్మేశాడు.

"పిల్లలను సంచుల ఏసుకొని పోయేటోడు వీడే," అన్నాడు ట్రాక్టర్ నడిపే ఓంప్రకాశ్. ఒక చేతిలో జాకీ రాడ్డు, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో నలభై సెకన్ల వీడియో. అందులో అంబదాస్ ఒక పాప నోరు మూసి, గోనెసంచిలో వేసి, మూతి కడుతున్నాడు. ఉట్నూర్ చుట్టుపక్కల ఊళ్లలో మూడు రోజులుగా ఆ వీడియో తిరుగుతోంది.

"అది సినిమా అన్నా! నేను యాక్టర్ను. షూటింగ్‌కు జాగ చూద్దామని వచ్చిన."

"మరి బడికాడ పోరగాండ్లతోని ఏం ముచ్చట?"

"తొవ్వ అడిగిన."

మూడో దెబ్బకు ఎడమ చెయ్యి వేలాడింది. జీపు నడిపి తెచ్చిన నదీమ్ అడ్డం వచ్చాడు. అతన్ని రెండు చెంపలు వాయించి పక్కకు తోశారు. ఇరవై మంది కలిసి అంబదాస్‌ను పత్తి చేనులోంచి కరెంటు స్తంభం దాకా ఈడ్చారు.

"చంద్రవ్వా, నీ చేను తొక్కుతున్నం," అన్నారెవరో.

"తొక్కుండ్రి. గండ్ల ఏమున్నదని," అంది చంద్రవ్వ. కొడవలి పట్టుకుని వెనకే నడిచింది. పత్తి ఏరే రోజులవి. మొక్కలు నడుము ఎత్తు ఉన్నాయి. ఒక్క కాయ లేదు.

ఎడ్ల పగ్గంతో అతన్ని స్తంభానికి కట్టారు. ఎవరో జీపులోంచి డీజిల్ డబ్బా తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు.

"నదీమ్ భాయ్, నా ఫోన్ తియ్యి," అన్నాడు అంబదాస్. "అండ్ల నా ఏశాలన్నీ ఉన్నయి. ఒక్కపారి చూసి సంపుండ్రి."

చంద్రవ్వ డబ్బాను కాలితో పక్కకు జరిపింది. "పెట్టు, చూద్దాం. సంపుడు ఎటు పోతది."

డైరెక్టర్లకు చూపించడానికి దాచుకున్న వీడియో అది. ఇరవై రెండేళ్ల పని, పదకొండు నిమిషాలు. నదీమ్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. తలలు దగ్గరికి చేరాయి.

సీరియల్లో అంబదాస్ తాగొచ్చి పెళ్లాన్ని బెల్టుతో కొట్టాడు. ఒక సినిమాలో హీరో అతన్ని అద్దంలోంచి రోడ్డు మీదికి విసిరాడు. ఇంకో సినిమాలో లారీ అతని మీదికెక్కింది. వెబ్ సిరీస్‌లో అతను ఒక ముసలామెను కత్తితో పొడిచాడు. తర్వాతి ముక్కలో అతన్నే బావిలో తోశారు.

"ఇప్పుడే లారీ కింద పడి సచ్చిండు గద, మల్ల లేసిండా?" అన్నాడు ఒకతను.

"ముప్పై ఒక్కసార్లు సచ్చిన," అన్నాడు అంబదాస్. చుబుకం మీదుగా నెత్తురు కారుతోంది. "ఒక్క సినిమాల రెండుసార్లు. పొద్దుగాల పోలీసును. అన్నం తిన్నంక గడ్డం పెట్టి దొంగను చేసిండ్రు. నన్ను నేనే కాల్సుకున్న."

ఇద్దరు నవ్వారు. తర్వాత ఇంకో నలుగురు.

తర్వాత గోనెసంచి వచ్చింది. నలభై సెకన్ల దగ్గర ఇది ఆగలేదు. "కొత్తవాళ్ల వెంట వెళ్లకండి" అని అక్షరాలు వచ్చాయి. ఎవరో "కట్" అన్నారు. సంచిలోంచి పాప నవ్వుకుంటూ బయటికి వచ్చింది. అంబదాస్ ఆమె గౌనుకు అంటిన దుమ్ము దులిపాడు.

ఓంప్రకాశ్ దాన్ని రెండుసార్లు పెట్టించుకుని చూశాడు. రాడ్డు కిందికి దించాడు.

"పొట్టకోసం ఏశాలు ఏసుకునేటోన్ని సగం సంపితిరి గదరా," అంది చంద్రవ్వ. పగ్గం మీద కొడవలి పెట్టి కోయడం మొదలుపెట్టింది.

"ఏశమే అనుకో," అన్నాడు ఓంప్రకాశ్, ఓడిపోవడం ఇష్టం లేక. "అన్నీ గిసొంటియేనా? ఒక్కటన్న మంచోని ఏశం ఉన్నదా నీకు?"

"ఎందుకు లేదన్నా, ఉన్నది! ఆఖరుది చూడుండ్రి."

తలకు రుమాలు, గుబురు మీసం. తెల్లగా పగిలిన పత్తి చేనులో విత్తనాల ప్యాకెట్ పట్టుకుని నిలబడి ఒక రైతు చెప్తున్నాడు: "నా పేరు పరశురాములు. మాది హుస్నాబాద్. నేను గీ ఇత్తనమే ఏసిన. ఎకరానికి పదిహేను క్వింటాళ్లు తీసిన. నమ్మి ఏసుకోండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

చంద్రవ్వ కోయడం ఆపి ఫోను దగ్గరికి వచ్చింది. "గీ పటేల్ నీకెట్ల ఎరుక బిడ్డా? మిరుగు కార్తెల కంపెనోళ్లు జీపుకు తెర కట్టి గీయన్నే చూపెట్టిండ్రు. గీయన మాట మీదనే ఊరంత గీ ఇత్తనం ఏసినం. మా చేన్లకు కాయ ఎందుకు పట్టలేదో అడుగుదామని మొన్న హుస్నాబాద్ పోయిన. రెండు దినాలు తిరిగిన. గసొంటి మనిషే లేడన్నరు."

"ఎట్ల దొరుకుతడు అవ్వా?" అంబదాస్ నెత్తుటి నోటితో నవ్వాడు. "పరశురాములు లేడు, ఆయన చేను లేదు. అది నేనే. మీసం అతికిచ్చిండ్రు. అది కాసిన పత్తి గూడ కాదు. బయట కొనుక్కొచ్చి, ఉండలు చేసి, దారంతోని కొమ్మలకు కట్టినం. అంత యాక్టింగే. ఇగనన్న నమ్ముతరా?"

చంద్రవ్వ తన చేను వైపు చూసింది. మిగతావాళ్లూ చూశారు.

"నమ్మినం బిడ్డా," అంది.

సగం తెగిన పగ్గాన్ని లాగి మళ్లీ ముడి వేసింది.

"ఓంప్రకాశ్, గా డబ్బా ఇటు తే."