మట్టం మేస్త్రి

ఇంటి యజమాని హాలు మధ్యలో చెంబుడు నీళ్ళు ఒంపాడు. నీళ్ళు తిన్నగా పడగ్గదిలోకి పరుగుతీశాయి.

"చూశావా మేస్త్రీ? ఇల్లు కట్టమంటే జారుడుబండ కట్టావు."

మేస్త్రి వంగి తడి గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మట్టం మేస్త్రి అంటారు. ఆయన వేసిన గచ్చు మీద గోలీ పెడితే కదలదని పేరు. పాతికేళ్ళ ఆ పేరు ఈ ఒక్క ఏడాదిలో మూడిళ్ళ దగ్గర మట్టిలో కలిసింది. ఇది నాలుగోది.

ఆయన పనంతా ఒక ప్లాస్టిక్ గొట్టంతో. దాన్నిండా నీళ్ళు. ఒక కొస ఈ గోడకు, ఇంకో కొస ఆ గోడకు పెడితే, మధ్యలో గొట్టం ఎన్ని మెలికలు తిరిగినా సరే, రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. అక్కడ గీతలు గీసుకుని, వాటిని బట్టి గచ్చు వేయడమే. ఈ కొస ఆయనది. ఆ కొస భార్యది.

ఆవిడ ఎప్పుడైనా తాపీ ముట్టుకోబోతే ఆయన నలుగురిలో నవ్వేవాడు.

"నీకెందుకే ఆ తాపీ? గొట్టం పట్టుకుని నిలబడు, అదే పదివేలు."

కూలీలూ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

గొట్టంలో గాలిబుడగ చేరిందేమోనని మేస్త్రి కొత్త గొట్టం కొన్నాడు. లాభం లేకపోయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. కళ్ళు కాకపోతే ఇక మిగిలింది బుర్రే.

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది," అన్నాడు కంచం ముందు కూర్చుని. "చివరికి నన్నే ఎవరని అడిగాడు. నాకూ మతి పోతోందే."

"అలా అనుకోకండి." ఆవిడ ఆయన కళ్ళు తుడిచింది. "కొన్నాళ్ళు గీత నేను గీస్తాను. మీరు ఆ కొస పట్టుకోండి చాలు."

మేస్త్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాపీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వేసిన మొదటి గచ్చు మీద ఒంపిన నీళ్ళు ఎటూ జారకుండా ఒంపిన చోటే పరుచుకున్నాయి. రెండో ఇల్లూ అంతే. మూడోదీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. కూలీలు ఆవిణ్ణి మేస్త్రమ్మా అని పిలవసాగారు. "ఆయనకి బుర్ర చెడింది, పాపం," అని ఆయన ఎదురుగానే అనుకునేవాళ్ళు.

గచ్చు మట్టంగా తేలినప్పుడల్లా మేస్త్రి ఇంకాస్త కుంగిపోయాడు. అదే గొట్టం, అవే నీళ్ళు, వాళ్ళిద్దరే. తప్పు తనదే అనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మాటలు తగ్గిపోయాయి. ఎవరైనా పేరు అడిగినా భార్య వైపు చూసేవాడు, తప్పు చెబుతానేమోనని.

ఆ కొసని మాత్రం బుద్ధిగా పట్టుకునేవాడు. ఏడాదిపాటు ఆవిడ చేసినట్టు, గొట్టం మూతిని బొటనవేలితో మూసిపెట్టి నీళ్ళను మట్టానికి రానివ్వకుండా ఆపడం ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.