గవ్వలపాలెం తేలిన రోజు

సముద్రం ముందుకు జరిగాక తీరం పొడవునా ఒక్కో పేటనూ, మునిగిపోకుండా, తేలే పునాదుల మీద నీళ్లపైకి లేపుతున్నారు. ఇప్పుడు గవ్వలపాలెం వంతు. పోలమ్మ తాత వేసిన పాక, నాన్న కట్టిన డాబా, ఆమె కాపురముంటున్న ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ అన్నీ ఇక్కడే లేచాయి.

అపార్ట్‌మెంట్‌ను నీళ్లమీదికి లేపే మీట మీద ఇంజినీరు చెయ్యి వేశాడు.

"ఆగు బాబూ! పసుపెట్టకుండా పడవని దింపుతారేటి?" అంది పోలమ్మ.

"ఇది పడవ కాదమ్మా, అపార్ట్‌మెంట్."

"నీల్లమీద తేలీది పడవ కాకపోతే మరేటి?"

సముద్రం వైపు గోడకు దట్టంగా పసుపు పూసింది. కొత్త పడవ దిగుతుంటే పేటంతా చెయ్యి వెయ్యాల్సిందే. పై అంతస్తులవాళ్లూ దిగొచ్చి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "ఐలేసా" అంటూ గోడను నెట్టారు. భవనం లేచింది.

మీట నొక్కింది ఇంజినీరే. కానీ గవ్వలపాలేన్ని నీళ్లలోకి దింపిందెవరని అడిగితే, అందరూ పసుపంటిన అరచేతులే చూపించారు.