నోటి చలవ

“అత్తా, నీకు దండం పెడతా. తోటలో ఏం చూసినా బాగుందని మాత్రం అనొద్దు,” అంది శ్రీవిద్య బస్సు దిగుతూనే.

అనసూయమ్మ మూతి ముడుచుకుంది. కడపలో మిద్దెల మీద మొక్కలు పెంచుకునే ఆడవాళ్లంతా కలిసి ఆదివారం పూట వేంపల్లె దారిలోని ఒక పల్లెకు చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు, చూడ్డానికి వచ్చారు. ఆ ఒక్కరోజు రైతులు గేట్లన్నీ బార్లా తెరిచిపెడతారు. ఎవరైనా ఏ తోటలోకైనా పోవచ్చు, తిరగొచ్చు, కాయ కోసుకుని తినొచ్చు.

పాపం, అనసూయమ్మ చేసిన నేరమల్లా మెచ్చుకోవడమే. ఎదురింటావిడ వంకాయలు నిగనిగలాడుతున్నాయంది, పురుగు పట్టింది. కోడలి గులాబీని చూసి ముచ్చటపడింది, అది నిలువునా మాడిపోయింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారే, ఆ సామెత ఎత్తితే చాలు, వీధివీధంతా ఆమె వైపే చూసేది. చివరికి ఎవరూ ఆమెను తమ మిద్దె ఎక్కనివ్వడం లేదు. పువ్వును పువ్వనడం కూడా తప్పయితే దేవుడు నోరెందుకిచ్చాడని ఆమె చాలాసార్లు ఏడ్చింది. ఒక్కరంటే ఒక్కరు జంకు లేకుండా తనను తోటలోకి పిలిస్తే చాలు, ఈ జన్మకు అదే పదివేలనుకుంటూ వచ్చింది.

కానీ కోడలు ఊరుకుంటుందా? ముందుజాగ్రత్తగా రైతుల చెవిన వేసేసింది. అంతే, ఒకాయనకు మోటారు ఆపలేదని గుర్తొచ్చింది. ఇంకొకాయనకు ఉన్నట్టుండి నడుం పట్టేసింది. గేట్లు తెరిచే ఉన్నాయి గానీ వాటి ముందు మనిషన్నవాడు లేడు. తక్కిన ఆడవాళ్లు కూడా తలోదిక్కు పోయారు. అనసూయమ్మ వేపచెట్టు కింద ఒంటరిగా నిలబడిపోయింది. అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడొచ్చాడు ఆ ఊరి రైతు కాశన్న. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ముఖం నిండా నవ్వు.

“ఈడ నిలబడినావేం తల్లీ? రా, తోట చూపిస్తా.”

“నా సంగతి నీకు చెప్పలేదా నాయనా?”

“చెప్పినారు. అయితే ఏమి? దేవుడు కండ్లిచ్చింది చూసేకే గదా.”

ఆ మాటకు అనసూయమ్మ మనసు వెన్నలా కరిగిపోయింది. కాశన్న ఎండ తగలకుండా గొడుగు పట్టి మరీ ఆమెను పక్కనున్న తోటలోకి తీసుకుపోయాడు. కొమ్మలు వంచి గుత్తులు చూపించాడు. ఆమె భయంభయంగా, కాయలు పర్వాలేదంది. అట్లా నసిగితే ఎట్లా, మనసులో ఉన్నది నోరారా చెప్పమన్నాడు.

ఇక కట్ట తెగింది. ఇన్నాళ్లూ దిగమింగుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఇంత కాపు తన జన్మలో చూడలేదంది. ఆకు ఆకుకూ కాయేనంది. కాశన్న ఒక్క సాలు కూడా వదలకుండా తిప్పాడు. మూలనున్న చెట్టును చూడలేదంటూ వెనక్కి పిలిచాడు. బోరు దగ్గరికి తీసుకుపోయి దాని గురించి కూడా ఒక మాట చెప్పమన్నాడు. ఈ కరువు సీమలో ఇంత ధారా అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. కాశన్నకు ఆనందం పట్టలేదు.

అంతలో శ్రీవిద్య రొప్పుతూ పరిగెత్తుకొచ్చి అత్త చెయ్యి పట్టుకుని లాగింది.

కాశన్న కసురుకున్నాడు. “పెద్దామెను మాట్లాడనియ్యమ్మా. నీదేం పోతాది?”

అనసూయమ్మ కోడలి వైపు గర్వంగా చూసింది. అలసిపోయేదాకా పొగిడి గేటు దగ్గరికి వచ్చాక, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కాశన్నకు చేతులు జోడించింది.

“అందరూ నన్ను చూసి పారిపోతే నువ్వొక్కడివి పిలిచినావు నాయనా. చూస్తా ఉండు, నీ తోటకు ఏమీ కాదు.”

“నా తోటకు ఏమైతాది తల్లీ,” అన్నాడు కాశన్న గొడుగు మడుస్తూ.

“ఇది మా దాయాదిది.”