ఆరా తీసిన మనిషి

హెల్మెట్ చంకలో పెట్టుకున్న మనిషి నాగేంద్రమ్మ కిరాణా కొట్టు ముందు ఆగి సోడా అడిగాడు.

సోడా తాగుతున్నాడే గాని, చూపంతా ఎదురుగా షట్టర్ దించి ఉన్న కంప్యూటర్ సెంటర్ మీదే ఉంది.

నాగేంద్రమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇలాంటి మనిషి కోసమే ఆమె నాలుగేళ్లుగా కాచుకుని కూర్చుంది.

బిజినేపల్లిలో సంబంధం తేలేది ఇంట్లో కాదు, ఎదురింట్లో. పెళ్లిచూపులకు ముందు ఎవరో ఒకరు వచ్చి, పేరు చెప్పకుండా, ఊరికే అడిగినట్టు అడిగి పోతారు. మంచి మాట పడితే పెళ్లి. చెడ్డ మాట పడితే ఆ ఫోన్ ఇక మోగదు.

నాలుగేళ్ల కిందట ఆమె కూతురు నవ్య గురించి అచ్చంపేట నుంచి అలాగే ఎవరో వచ్చారు. పోయి పోయి ఎదురింటి జోగులమ్మను అడిగారు.

"మంచి పిల్ల. రెండేండ్ల సంది మా చరణ్ సెంటర్ల కంప్యూటర్ చెప్తది. పొద్దుగూకే దాక ఈడనే ఉంటది" అంది జోగులమ్మ.

అచ్చంపేట వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

పెళ్లికాని మగపిల్లాడి సెంటర్లో పొద్దుగూకే దాకా ఉంటుందంటే ఎవడు చేసుకుంటాడు? కావాలనే అన్నదని నాగేంద్రమ్మ తేల్చేసుకుంది. మర్నాడే నవ్యను పని మాన్పించింది. ఎదురింటితో మాటలు బంద్ చేసింది. 'నీ కొడుక్కి సంబంధం రాకపోతుందా, నా నోటితోనే దాన్ని బుగ్గి చెయ్యకపోతానా' అని ఒట్టు పెట్టుకుంది.

తర్వాత నవ్యకు వనపర్తి జితేందర్‌తో పెళ్లయింది. ఇద్దరూ కెనడా వెళ్లారు. అక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కు పెట్టుకున్నారు, మొగుడూ పెళ్లాలకు కలిపి ఒకటే అర్జీ. అది రాకపోతే దసరాకల్లా సామాన్లు సర్దుకోవాల్సిందే.

మొన్న ఫోన్‌లో నవ్య దిగులుగా అంది. "నా ఉద్యోగంల నడుమ ఖాళీ ఉందట అమ్మా. ఆ ఏండ్లల్ల ఏం చేసినవో చూపియ్యమన్నరు."

"నువ్వెప్పుడు ఖాళీగున్నవు బిడ్డా. చూపియ్యి."

"చూపిచ్చిన. నువ్వు జోగులాంబకు మొక్కుకో."

మొక్కుకుంది. అలంపురం జోగులాంబకు చీర పెడతానంది. ఎదురింటి జోగులమ్మ పేరు మాత్రం నోట రానివ్వదు.

"ఒక మాట అడగాలె అమ్మా" అన్నాడు సోడా మనిషి. "ఆ సెంటర్ మంచిగ నడుస్తదా?"

నాగేంద్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలు బయట వేసింది.

"కూసో నాయినా. ఏ ఊరు?"

"హైదరాబాద్."

హైదరాబాద్ సంబంధమా! కడుపు ఇంకాస్త మండింది.

"ఏం నడుస్తది. బోర్డు ఒక్కటే పెద్దగ. లోపలంత దుమ్ము. సూడు, పట్టపగలు షట్టర్ దించే ఉంది."

"నాలుగైదేండ్ల కింద నడిచిందట గద?"

"ఎవరు చెప్పిండ్రు? అప్పుడు గూడ గిట్లనే."

"ఎవరన్న ఆడపిల్ల పనికి ఉండెనా? కంప్యూటర్ చెప్తుండెనా?"

ఔనంటే బయటపడేది తన కూతురి పేరే. పెళ్లై కాపురం చేసుకుంటున్న పిల్ల పేరు మళ్లీ ఆ చరణ్‌గాడి పక్కన ఎందుకు?

"ఆడపిల్లనా? ఒక్కతి గూడ లేకుండె. పొద్దుగాల్ల నుంచి నేను ఈడనే కూసుంట. నాకు తెల్వకుండ ఎవరొస్తరు?"

"జర యాది చేసుకొని చెప్పమ్మా. ఇది ఒకరి బతుకు సంగతి."

పిల్లనిచ్చే ముందు ఎంత జాగ్రత్త, ఎంత మర్యాద అనుకుంది నాగేంద్రమ్మ. ఇంత మంచి సంబంధం ఆ ఇంటికి దక్కకూడదు.

"నా బిడ్డ మీద ఒట్టు" అంది.

ఆయన తలూపి, ఫోన్‌లో ఏదో రాసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ పూట నాగేంద్రమ్మకు అన్నం అమృతంలా దిగింది. ఎదురింటి ఫోన్ మోగదు గాక మోగదు అనుకుంటూ రోజూ ఆ గుమ్మం వైపు చూసి నవ్వుకుంది.

నెల తిరక్కముందే జోగులమ్మ కుంకుమ బరిణె పట్టుకుని కొట్టు మెట్లెక్కింది.

"చరణ్ పెండ్లి పెట్టుకున్నం అక్కా. పాతయి మనసుల పెట్టుకోకు. నువ్వు రావాలె."

నాగేంద్రమ్మ చేతిలోని తక్కెడ పక్కన పెట్టింది.

"హైదరాబాద్ పిల్లనా?"

"హైదరాబాద్ ఏంది? మా తమ్ముని బిడ్డ శిల్ప, తిమ్మాజిపేట. పోయిన నెల సెంటర్ బంద్ పెట్టి పోయి మాట తీసుకొచ్చినం."

"మరి, సంబంధం అర్సుకోను ఒకాయన వచ్చె గద?"

"మేనరికానికి అర్సుకునుడు ఏంది అక్కా? మా కండ్ల ముంగట పెరిగిన పిల్ల. మా కోసం ఎవరూ రాలే."

జోగులమ్మ బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, మెట్టు దిగుతూ ఆగింది.

"నవ్య కెనడా కాయిదాల పని ఎంత దాక వచ్చింది? అప్పుడు రెండేండ్లు మా కాడ పని చేసిందని చరణ్ రాసిచ్చిండు. నీకు కోపమొస్తదని చెప్పొద్దన్నది, పిచ్చి పిల్ల."

గల్లా మీద ఫోన్ మోగింది.

నవ్య ఏడుస్తోంది.

"మా ఇద్దరి పీఆర్ కొట్టేసిండ్రు అమ్మా. పని చేసిన అన్నది అబద్ధమట. ఐదేండ్ల దాక మళ్ల పెట్టేది గూడ లేదట."

నాగేంద్రమ్మ ఎదురుగా సెంటర్ బోర్డు వైపు చూసింది.

"కెనడా ఆఫీసోళ్లు మనిషిని పంపి సెంటర్ ఎదురు కొట్ల అడిగిపిచ్చిండ్రట" అంది నవ్య. "ఆ దినం కొట్ల నువ్వు లేవా అమ్మా?"