ఆపమన్న మనిషి

“ఈ ఫైల్లో అన్నీ ఉన్నాయి. క్లబ్బు వాళ్ళు ఈయన్ని ఎందుకు తీసేశారన్నది మాత్రం లేదు,” అన్నాడు సుబ్బారావు కాగితాలు తిప్పుతూ. “మీరు అక్కడే పనిచేశారుగా అరుంధతిగారూ. మీకు తెలియకుండా ఉంటుందా?”

అరుంధతి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. “ఆయన్నే అడుగుదాం సార్. బయటే ఉన్నారు.”

దోహాలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్ లేక రెండు నెలలైంది. జనవరిలో కాలేజీల పోటీలు. వచ్చిన దరఖాస్తుల్లో నిరంజన్‌దే పెద్ద పేరు. హైదరాబాద్ మనిషి. మొన్న సెప్టెంబరు దాకా ఇదే ఊళ్ళో ఒక ప్రొఫెషనల్ క్లబ్బుకి కోచ్. అదే క్లబ్బులో అరుంధతి మూడేళ్ళు ఫిజియోథెరపిస్టుగా చేసి, ఆయన్ని తీసేసిన నెలకే ఇక్కడ అదే పనిలో చేరింది. అందుకే ఎంపిక కమిటీలో డీన్ మరియం, లెక్కల శాఖ హెడ్డు సుబ్బారావులతో పాటు ఆమెనూ కూర్చోబెట్టారు.

నిరంజన్ లోపలికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అరుంధతిని చూసి తలూపాడు. ఆమె చూపు దించుకుంది. ఈ నెలాఖరుకి ఆయన వీసా గడువు అయిపోతుందనీ, పిల్లలిద్దరి చదువూ సగంలో ఉందనీ వాళ్ళూ వీళ్ళూ అనగా విని ఉంది.

ఎందుకు తీసేశారని మరియం ఇంగ్లీషులో సూటిగానే అడిగింది. జట్టు ఓడిపోతోందని తీసేశారంటే సరిపోయేది. నిరంజన్ అలా అనలేదు. ఆగస్టులో ఒక మ్యాచ్ ఓడిపోయాక, కోపం ఆపుకోలేక జట్టంతటినీ మధ్యాహ్నం మూడింటి ఎండలో పరిగెత్తించానని చెప్పాడు. పందొమ్మిదేళ్ళ ఆటగాడొకడు కుప్పకూలాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. క్లబ్బు మేనేజరు ఆ సంగతి పైవాళ్ళ దాకా పోనివ్వలేదు. వారం తర్వాత యాజమాన్యానికి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. జరిగిందంతా అందులో ఉంది. ఇక దాచడం కుదరక తనని పంపేశారు.

సుబ్బారావు అరుంధతి వైపు తిరిగాడు. “ఆ రోజు మీరు లేరా?”

“లోపల ట్రీట్‌మెంట్ గదిలో ఉన్నాను. పడిపోయాకే పిలిచారు.”

“ఉత్తరం ఎవరు రాశారో తెలిసిందా?” ఈసారి నిరంజన్‌ని అడిగాడు.

“గ్రౌండ్‌లో గడ్డి పని చూసే లింబాద్రి అని ఉండేవాడు సార్. నిజామాబాద్ దిక్కు మనిషి. కవరు ఆఫీసు ఉత్తరాల పెట్టెలో వేస్తూ కెమెరాలో పడ్డాడు. నువ్వే రాశావా అంటే అవుననలేదు, కాదనలేదు. అతన్నీ పంపించేశారు. ఇప్పుడు ఊరికి దూరంగా రాస్ లఫాన్‌లో ఏదో కట్టడం సైట్‌లో ఉన్నాడంట.”

అరుంధతి గ్లాసు మళ్ళీ ఎత్తింది. అందులో నీళ్ళు లేవు.

అతని మీద కోపం లేదా అని సుబ్బారావు నిరంజన్‌ని అడిగాడు.

“ఆ అబ్బాయి పడిపోకముందే లింబాద్రి ఉరికొచ్చి, ఆపుండ్రి సార్, సచ్చిపోతడు అన్నాడు. గడ్డి కోసేవాడు నాకు చెప్పేదేంది అనుకున్నాను. ఇంకో పది నిమిషాలు పరిగెత్తించాను. ఆ పది నిమిషాలు పూర్తిగా నా తప్పే సార్. ఉత్తరంలో ఒక్క ముక్క అబద్ధం లేదు.”

ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు మూసుకోగానే సుబ్బారావు అడ్డంగా తలూపాడు. ఆ క్లబ్బుల్లో గెలిస్తేనే ఉద్యోగం నిలుస్తుంది, ఆ అలవాటు ఎక్కడికి పోతుందన్నాడు. మన పిల్లలు క్లాసులయ్యాక ఆడుకునేవాళ్ళు, రేపు ఎవరైనా పడిపోతే తల్లిదండ్రులకి ఏం చెప్పాలన్నాడు. మిగతా అభ్యర్థుల్లో ఒక్కరూ తమ తప్పు ఒప్పుకోలేదని మరియం గుర్తుచేసింది. ఆయన్ని దగ్గర నుంచి చూసినదానివి నువ్వే, సరిపోతాడా లేదా చెప్పమంది.

ఔనంటే అరుంధతికి ఎండలో పరిగెత్తే విద్యార్థులు గుర్తొచ్చారు. కాదంటే నెలాఖరున విమానమెక్కే నిరంజన్ కుటుంబం గుర్తొచ్చింది.

“సరిపోతారు,” అంది చివరికి. “కానీ నేను ఆపమంటే మారుమాట లేకుండా ప్రాక్టీసు ఆపాలి. అలాగని రాయించుకుందాం.”

నిరంజన్‌ని పిలిచి కాగితం ముందు పెట్టారు. రెండు వాక్యాలు చదివి సంతకం చేశాడు. సుబ్బారావు ఆ కాగితం ఫైల్లో పెట్టాడు.

లేవబోతూ నిరంజన్ ఒక మాట అడిగాడు. కాలేజీ గ్రౌండ్‌కి మనిషి కావాలన్న ప్రకటన చూశాడట. ఆ పని లింబాద్రికి ఇవ్వమన్నాడు. ఆ రోజు తనని ఆపబోయింది అతనొక్కడేననీ, అలాంటి మనిషి పక్కన ఉంటే తనకే మంచిదనీ అన్నాడు. మరియం సరేనంది.

వరండాలో నిరంజన్ ఆమె కోసం ఆగాడు. “మేడం, లింబాద్రి నా ఫోన్ ఎత్తట్లేదు. భయపడుతున్నట్టున్నాడు. మీరు చేసి చూస్తారా?” నంబరు చెప్పబోయాడు. తన దగ్గర ఉందంది అరుంధతి.

కిందికి వెళ్ళి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. ఆ నంబరుకి ఫోన్ చేసి మూడు నెలలు దాటింది. రెండుసార్లు మొత్తం మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. వెనక ఏవో యంత్రాల మోత. ఆమె గబగబా చెప్పేసింది. నిరంజన్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చిందనీ, నిన్ను కూడా తీసుకోమన్నారనీ, డీన్ ఒప్పుకున్నారనీ.

అతను ఒకటే అడిగాడు.

“సార్‌కు నా మీద కోపం లేదా మేడం?”

“లేదు లింబాద్రీ. నువ్వు చేసింది మంచి పనే అన్నారు.”

అతను మోతకి దూరంగా నడిచినట్టున్నాడు. గొంతు తగ్గించాడు.

“ఉత్తరం మీరు రాసిన్రని నేను ఎవ్వలకు చెప్పలే మేడం.”